మాట తీరు చూసి ఉద్యోగం ఎంచుకోకండి

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. చిన్నప్పుడే విలియమ్స్ సిండ్రోమ్ అని పరీక్షలో తేలింది. మాటలు బాగా వచ్చు, విన్న పాటను ఇట్టే పాడేస్తుంది. లెక్కలు మాత్రం ఎంత చెప్పినా ఎక్కడం లేదు. పదో తరగతి తప్పింది. ఇంత చక్కగా మాట్లాడే పిల్లను రిసెప్షనిస్టుగానో యాంకరుగానో పెట్టమని బంధువులు అంటున్నారు. ఏ దారి మంచిది? నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ బయటికి వెళ్లానని, అందుకే ఇలా అయిందని మా అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఆఖరి మాటకే ముందు జవాబు చెబుతాను. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఏడో క్రోమోజోమ్‌లో పాతిక పైచిలుకు జన్యువులున్న చిన్న ముక్క లోపించడం వల్ల ఇది వస్తుంది. చాలా కుటుంబాల్లో అది బిడ్డ కడుపున పడకముందే, అండంలోనో వీర్యకణంలోనో దానంతటదే జరిగిపోయిన మార్పు. మీరు చేసిన తప్పంటూ ఏమీ లేదు. వీలైతే మీ అత్తగారికి ఈ నాలుగు మాటలూ చదివి వినిపించండి.

ఇక ఉద్యోగం సంగతి. ఈ పిల్లల విషయంలో పెద్దవాళ్లు పొరబడేది సరిగ్గా మాటల దగ్గరే. ఆ మధ్య ఇదే సిండ్రోమ్ ఉన్న ఒక అబ్బాయిని నా దగ్గరికి తీసుకొచ్చారు. ఇల్లు బొమ్మ గీయమన్నాను. గీస్తున్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరెవరుంటారో, పండక్కి ఏం వండుకుంటారో ఎంతో ముచ్చటగా చెప్పుకొచ్చాడు. కాగితం తీసి చూస్తే తలుపు ఒక మూల, కిటికీ ఇంకో మూల, పైకప్పు ఎక్కడో అడుగున. అన్నీ ఉన్నాయి, ఇల్లు మాత్రం లేదు. దేని పక్కన ఏది ఉండాలో కంటితో పోల్చుకుని చేత్తో కూర్చడం వీళ్లకు చాలా కష్టం. లెక్కలు ఎక్కకపోవడానికీ, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యంగా రావడానికీ ఇదొక కారణం. బద్ధకం అని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఇప్పుడు రిసెప్షన్ బల్ల దగ్గర ఆమెను ఊహించుకోండి. నమస్కారం, పలకరింపు అద్భుతంగా ఉంటాయి. ఆ వెంటనే ఫోను మోగుతుంది, ఎదురుగా ఉన్నవాళ్లు ఫలానా గది ఎటువైపని అడుగుతారు, రిజిస్టరులో సరైన గడిలో పేరు రాయాలి, అయిదొందల నోటుకు చిల్లర ఇవ్వాలి. మాట విని ఎక్కువ ఆశించిన యజమాని అక్కడే విసుక్కుంటాడు. ఆ విసుగును ఆమె మనసులో పెట్టుకుంటుంది. ఈ పిల్లల్లో ఆందోళన ఎక్కువ. ‘రేపు బస్సు వస్తుందా?’ అని రాత్రి పదిసార్లు అడగడం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అందుకని ఒక్కరే చెప్పేవారుండి, రోజూ ఒకే వరసలో సాగే పని ఆమెకు నప్పుతుంది. వృద్ధాశ్రమంలో పెద్దవాళ్లకు పేపరు చదివి వినిపించడం, వేళకు పలకరించడం, బాలవాడిలో ఆయమ్మకు తోడుగా పాటలు, కథలు చెప్పడం నాకు మొదట తోచేవి. అయితే కుక్కరు ఈల, దీపావళి టపాసులు ఆమె తట్టుకోగలదా అన్నది చూసుకోండి. చెవులు మూసుకునే పిల్లయితే, పసివాళ్ల ఏడుపుల మధ్య రోజంతా ఉండలేదు.

చదువు ఆపవద్దు. ఎన్‌ఐఓఎస్ అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో పదో తరగతికి లెక్కలు తప్పనిసరి కాదు. అయిదు సబ్జెక్టులు చాలు, వాటిలో భాష ఉండాలి. తెలుగు, గృహవిజ్ఞానం, కర్ణాటక సంగీతం లాంటివి ఎంచుకోవచ్చు. చిత్రలేఖనం వద్దు. అయిదేళ్ల గడువులో ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు. రాసిపెట్టే సహాయకులు, అదనపు సమయం కావాలని దరఖాస్తు సమయంలోనే అడగండి.

దానితోపాటు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి ఒకసారి తీసుకెళ్లండి. 1984లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ మేధోపరమైన వైకల్యం ఉన్నవారికోసమే పనిచేస్తుంది. అక్కడ ఆమె సామర్థ్యాన్ని అంచనా వేయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని ధ్రువీకరణ వస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ పరిధిలోకి వస్తుంది. ఆ నాలుగులో ఆమె లాంటివారి వాటా ఒక్క శాతమే, అదీ ఇతర వర్గాలతో కలిపి. కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. వికలాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ మాత్రం వెంటనే తీసుకోండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేరే ఉంది. ఈ పిల్లలు కొత్తవారిని చూసి జంకరు. ఎవరు నవ్వినా దగ్గరికి వెళ్లిపోతారు. ఆడపిల్ల, రేపు ఒంటరిగా పనికి వెళ్లాలి. ‘జాగ్రత్తగా ఉండు’ అని చెబితే ఆమెకు అర్థం కాదు. పేరు చెప్పవచ్చు, ఇల్లు ఎక్కడో చెప్పకూడదు. చేయి కలపవచ్చు, కౌగిలించుకోకూడదు. అమ్మకు ఫోను చేయకుండా ఎవరి బండీ ఎక్కకూడదు. ఇలా లెక్కపెట్టినట్టు మూడే నియమాలు పెట్టి, ఇంట్లో ఒకరు కొత్తవాళ్లలా నటిస్తూ రోజూ సాధన చేయించండి. ఉద్యోగానికి ఇంతకన్నా ముఖ్యమైన శిక్షణ లేదని నా నమ్మకం.

గుండె, రక్తపోటు పరీక్షలు ఉద్యోగంలో చేరాక కూడా మానకూడదు. పంటికైనా సరే మత్తు ఇవ్వాల్సి వస్తే, డాక్టరుకు సిండ్రోమ్ పేరు ముందే చెప్పండి.

ఈ వేసవిలో తెలిసినవాళ్ల వృద్ధాశ్రమానికి రోజూ రెండు గంటలు, పది రోజులు పంపి చూడండి. మొదటి మూడు రోజులూ మీరు పక్కనే ఉండండి, తర్వాత వరండాలో, ఆ తర్వాత గేటు బయట. ఏ వేళకు అలసిపోతోంది, ఏ పని దగ్గర ఆగిపోతోంది, ఇంటికి వచ్చి ఎవరి గురించి చెబుతోంది అన్నవి ఒక నోటుబుక్కులో రాయండి. ఆ నోటుబుక్కు పట్టుకుని రండి, తర్వాతి సంగతి ఆమెను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.