టెక్ సందేహాలు: చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: నా పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కు కలిపితే పి0171 అనే కోడ్ చూపించింది. వీడియోలు చూసి ఆక్సిజన్ సెన్సర్‌ను నేనే మార్చాను. కోడ్ చెరిపేస్తే లైటు ఆరింది కానీ కొన్నాళ్లకే మళ్లీ వెలిగింది. నేను కొన్న సెన్సర్ నకిలీదంటారా? (గుంటూరు పాఠకుడు)

జవాబు: నకిలీ సంగతి కన్నా ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఇంజిన్‌లో పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువవుతోందని పి0171 కోడ్‌కు అర్థం. ఆ సంగతిని కారు కంప్యూటర్‌కు చేరవేసేది ఆక్సిజన్ సెన్సరే కాబట్టి, మీరు తీసి పక్కన పెట్టిన పాత సెన్సర్ తన పనిని సక్రమంగానే చేసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. సైలెన్సర్ పైపుకు బిగుసుకుపోయిన సెన్సర్‌ను విప్పడం ఎంత కష్టమో తెలిసినవారికి మీ నిరుత్సాహం అర్థమవుతుంది. సొంతంగా రిపేరుకు దిగేవారి డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే: కోడ్ ఒక లక్షణాన్ని చెబితే, దాన్ని చెడిపోయిన విడిభాగం పేరుగా చదువుకుంటారు.

ఇప్పుడు చేయవలసిన పనికి స్కానర్ తప్ప మరేమీ కొననక్కర లేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక యాప్‌లో లైవ్ డేటా తెరిచి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోలును కంప్యూటర్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి) అనే రెండు అంకెలను కూడి చూడండి. ఆ మొత్తం సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపల ఉంటే సాధారణమే. ప్లస్ 20 దాటిందంటే, తగ్గిన పెట్రోలును భర్తీ చేయడానికి కంప్యూటర్ అదనంగా పోస్తోందన్నమాట. ఈ అంకెను ఒకసారి ఐడిల్‌లోనూ (యాక్సిలరేటర్ తొక్కకుండా), మరోసారి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకునీ రాసుకోండి. లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ మీ కారులో ఉండి, ఐడిల్‌లో ఎక్కువగా ఉన్న అంకె ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గితే, ఆ సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో పగిలిన గొట్టం గుండానో, వదులైన క్లిప్పు దగ్గరో లెక్కలోకి రాని గాలి చొరబడుతోందని అనుమానించాలి. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కనుక, చిన్న లీకు కూడా అప్పుడు పెద్దగా కనిపిస్తుంది. అలా కాక వేగం, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోలు పంపు ఒత్తిడినీ, ఫిల్టర్‌నూ, మురికిపట్టిన ఎంఏఎఫ్ సెన్సర్‌నూ చూడాలి. ఆ సెన్సర్‌ను దాని కోసమే అమ్మే స్ప్రేతో మాత్రమే శుభ్రం చేయండి. లోపలి సన్నని తీగకు గుడ్డ గానీ వేలు గానీ తగలకూడదు.

ఇంకొక మాట. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, లోడు ఎంతెంత ఉన్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది కనుక ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ప్రశ్న: ఇంజిన్ మిస్సింగ్ వస్తోంది, కోడ్ పి0301. స్పార్క్ ప్లగ్గులన్నీ కొత్తవి వేసినా తగ్గలేదు. ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ కొనమంటారా? (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: కొనకుండానే తేల్చుకోవచ్చు. ఆ కోడ్‌లోని చివరి అంకె ఒకటో సిలిండర్‌ను సూచిస్తుంది. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ ఆపి చల్లారనిచ్చి, ఒకటో కాయిల్‌నూ రెండో కాయిల్‌నూ తారుమారు చేసి, కోడ్ చెరిపి నడపండి. ఈసారి పి0302 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలింది కనుక కాయిల్ మార్చవలసిందే. పి0301 అలాగే ఉండిపోతే ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం), కంప్రెషన్ (సిలిండర్‌లోని ఒత్తిడి) వంటి మిగతా కారణాల వైపు వెళ్లాలి. కొత్తగా ఏమీ కొననక్కరలేని ఈ చిన్న పరీక్షతో అసలు దోషి మీ చేతికి చిక్కినప్పుడు కలిగే సంతృప్తి కోసమైనా ఒకసారి బానెట్ ఎత్తవచ్చని నేను మనస్ఫూర్తిగా చెబుతాను. అయితే చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటూ ఆరి వెలుగుతుంటే మాత్రం కారు నడపకండి. మండని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది, దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటిది?

ప్రశ్న: నా స్నేహితుడి ఆండ్రాయిడ్ ఫోన్‌కు కలిసే బ్లూటూత్ స్కానర్ నా ఐఫోన్‌కు ఎందుకు కలవడం లేదు?

జవాబు: చవక స్కానర్లలో చాలావరకు వాడేది పాత తరహా క్లాసిక్ బ్లూటూత్. ఆపిల్ ధ్రువీకరణ లేని అలాంటి పరికరాలతో ఐఫోన్ యాప్‌లు మాట్లాడలేవు. ‘లో ఎనర్జీ’ రకం బ్లూటూత్ గానీ వైఫై గానీ ఉన్న మోడల్ తీసుకోండి. ఏ మోడల్ అయినా పని పూర్తయ్యాక కారులోని ఓబీడీ పోర్టు నుంచి తీసేయాలి. ఆ పోర్టుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది కనుక, రోజుల తరబడి కదలని కారులో బ్యాటరీ దిగిపోవచ్చు.

ప్రశ్న: ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా ఇలాగే ఇంట్లో సరిచేసుకోవచ్చా?

జవాబు: వద్దు. సాధారణ స్కానర్లు ఇంజిన్ కోడ్‌లను చదువుతాయే గానీ ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలావాటికి కనిపించవు. పైగా అందులో పేలుడు పదార్థం ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్లు కనిపించిన చోట చేయి పెట్టకుండా కారును సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లండి.