హడోకెన్ ఎందుకు రావడం లేదంటే

తమ్ముడూ, నింటెండో స్విచ్‌లో స్ట్రీట్ ఫైటర్ 2 ఫైటింగ్ గేమ్ ఆడుతుంటే ర్యూ అనే ఫైటర్ చేతుల్లోంచి విసిరే శక్తి గోళం, అదే హడోకెన్, పది సార్లలో రెండు సార్లే వస్తోందని, మిగతాసార్లు వట్టి గుద్దే పడుతోందని రాశావు. హడోకెన్‌కు కింద, కింద-ముందు మూల, ముందు వరుసగా నొక్కి పంచ్ కొట్టాలి కదా. గుద్దు ఎలా పడుతోందో చూడు. నిలబడి గుద్దుతున్నాడంటే మధ్యలో మూల తప్పినట్టే. కూర్చుని గుద్దితే పంచ్ ముందే నొక్కేస్తున్నావు.

స్విచ్ ఎడమ కంట్రోలర్ జాయ్-కాన్‌లో నాలుగు దిక్కులకూ విడివిడి బటన్లు. చాలామంది కింద నొక్కి, వేలు ఎత్తి, పక్కది నొక్కుతారు. అక్కడే పోతుంది. కింది బటన్ వదలకుండా బొటనవేలిని ముందువైపుకు దొర్లించు. ఒక్క క్షణం రెండూ కలిసి నొక్కుకోవాలి. తర్వాత కిందిది వదిలి, ముందుది ఉండగానే పంచ్. ర్యూ కుడివైపు ఉంటే ముందు అంటే ఎడమ, మరిచిపోకు.

మిర్యాలగూడ బస్సులో నేర్చుకోకు, కుదుపులకు వేలు జారుతుంది. మన నల్లగొండ ఎండలకు చెమట కూడా పడుతుంది, పక్కన చేతిరుమాలు పెట్టుకో. ఇంట్లో ట్రైనింగ్ మోడ్ పెట్టి, మెల్లగా, రెండు వైపులా ఇరవయ్యేసి సార్లు కొట్టు. వేగం దానంతటదే వస్తుంది, టెన్షన్ పడకు. షోర్యుకెన్ (ర్యూ ఎగిరి కొట్టే గుద్దు) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఇది కుదిరాక అడుగు, అదీ చెబుతా.