ఆకాశరామన్న మెయిల్‌కు ఊరు దొరుకుతుందా?

“ఈమెయిల్ పంపినవారు ఎక్కడ ఉన్నారో ఐపీ అడ్రస్‌తో కనుక్కోవచ్చా?” అని అడిగారు. కనుక్కోవచ్చని నమ్మి మా బావగారితో రెండేళ్లు మాటలు పోగొట్టుకున్నవాడిని. కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది.

కర్నూలులో తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. 518 కనబడితే కర్నూలు వైపు, 516 అయితే కడప, 515 అయితే అనంతపురం. 1972లో వచ్చిన పిన్‌కోడ్‌లో అంకెకూ నేలకూ ముడి ఉంది. ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఉన్నప్పుడు ఫోనుకో కంప్యూటరుకో ఉండే నంబరు, కూడా అలాంటి అంకెల వరుసే కదా అనుకున్నాను. కొంప ముంచింది ఆ ఊహే.

మా తమ్ముడి కూతురికి నంద్యాల సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న వారానికి పెళ్లికొడుకు తండ్రికి ఒక ఆకాశరామన్న మెయిల్ వచ్చింది. అమ్మాయి మీద రాయకూడని రాతలు. ఆయన దాన్ని నాకు ఫార్వర్డ్ చేశారు. రాత్రంతా కూర్చుని దాని వెనక దాగి ఉండే వివరాలు (హెడర్ అంటారు, మెయిల్ ఏ దారిన వచ్చిందో అందులో ఉంటుంది) తిరగేశాను. తీరా చూస్తే అవి ఆయన నాకు పంపిన మెయిల్ వివరాలు! అసలుది కావాలంటే అది చేరిన పెట్టెలోనే తెరవాలి. తెల్లవారగానే నంద్యాల బస్సెక్కాను.

మెయిల్ దాటిన ప్రతి సర్వర్ పైన ఒక “రిసీవ్డ్” లైను చేరుస్తుంది, తపాలా ముద్రల్లాగే. కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగున ఒక ఐపీ దొరికింది. అది జీమెయిల్ అయ్యుంటే అదీ దొరికేది కాదు. బ్రౌజర్‌లో రాసి పంపితే గూగుల్ సర్వర్ల నంబర్లే కనిపిస్తాయి. పైగా అడుగు లైన్లను పంపినవాడే కల్పించి పెట్టవచ్చు. దొంగ ముద్ర కొట్టిన కవరు ఎన్నడూ చూడనట్టు, ఆ సంగతే మరిచాను.

నెట్‌లో ఆ నంబరు వేస్తే హైదరాబాదు అని వచ్చింది. హైదరాబాదులో ఎవరున్నారు? మా అక్క, బావగారు. ఆ అమ్మాయిని తమ కొడుక్కు అడిగి కాదనిపించుకున్నవారు. ఇంకేం కావాలి? ఫోన్ చేసి, “బావా, ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పాల్సింది” అన్నాను.

“ఒరేయ్, నాకు మెయిల్ పంపడం వస్తే పింఛను కాగితం కోసం నీ కూతురిని ఎందుకు బతిమాలుతాను?” అని పెట్టేశారు.

రెండు రోజుల తరువాత మా అమ్మాయి మా ఇంటి ఐపీ చూసింది. హైదరాబాదు! పక్కింటివాళ్లది చూస్తే అదీ హైదరాబాదే. ఐపీ నంబర్లు ఊరికి ఇచ్చేవి కావు, నెట్ కంపెనీకి ఇచ్చేవి. కంపెనీ వాటిని ఎక్కడ వాడుతోందో ఈ సైట్లు అంచనా వేస్తాయంతే. మొబైల్ నెట్‌లో అయితే ఒకే నంబరు వెనుక ఒకేసారి ఎందరో ఉంటారు. ఏ క్షణాన ఎవరు వాడారో కంపెనీ రికార్డుల్లో ఉంటుంది. అది పోలీసులు అడిగితే ఇస్తారు, మీకూ నాకూ ఇవ్వరు. బెదిరింపు అయితే మెయిల్ తుడిచేయకుండా, ఫార్వర్డ్ చేసి సరిపెట్టకుండా, నేరుగా సైబర్ క్రైమ్ వాళ్లకు చూపించండి.

“క్షణాల్లో ఇల్లు పట్టేయండి” అని వీడియోలు పెట్టేవాళ్లున్నారు. వాళ్లను ఒక్క రోజు ఉత్తరాల సంచితో వీధుల్లోకి పంపాలి. ఇంటి నంబరు ఉన్నా ఇల్లు దొరకని వీధులు మా కర్నూలులో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ఈ రోజుల్లో కవరు మీద పిన్‌కోడ్ రాసేవాడే లేడు, అది వేరే బాధ.

మెయిల్ రాసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. పెళ్లి జరిగింది. బావగారు వచ్చారు, నాతో మాట్లాడలేదు. చదివింపుల కవరు మాత్రం నా చేతికే ఇచ్చారు. దాని మీద పంపినవారి చిరునామా పెద్ద అక్షరాలతో, వీధి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్‌తో సహా రాసి ఉంది.