తరగతి గదులకు స్మార్ట్ తాళాలు బిగించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

బడిలోని ఇరవై రెండు గదులకూ ఈ వేసవి సెలవుల్లోనే స్మార్ట్ తాళాలు, అంటే బ్యాటరీతో నడుస్తూ కార్డుకో, కోడ్‌కో, వేలిముద్రకో తెరుచుకునేవి, బిగించాలని కమిటీ తీర్మానించిందనీ, నా అభిప్రాయం చెప్పమనీ రాశావు. ముప్పై ఏళ్లకు పైగా తాళంచెవుల గుత్తితో వేగిన నాకు దాని మీద మమకారమేమీ లేదు. అటెండరు చెప్పాపెట్టకుండా సెలవు పెట్టిన రోజున, ప్రార్థన ముగిసినా పిల్లలు వరండాలో పుస్తకాల సంచులు మోస్తూ నిలబడడం ఎన్నోసార్లు చూశాను. అయినా అన్ని గదులకూ వద్దు. కంప్యూటర్ ల్యాబు, సైన్సు ల్యాబు, ఆఫీసు, ప్రశ్నపత్రాలు దాచే గది, ఈ నాలుగింటితో మొదలుపెట్టు. బెంచీలూ నల్లబల్లా తప్ప ఏమీ లేని గదికి అంత ఖరీదైన తాళం దండగ.

కొనేటప్పుడు ధర కన్నా ముందు లోపలి వైపు పిడి సంగతి అడుగు. బయట తాళం పడి ఉన్నా, బ్యాటరీ అయిపోయినా, లోపలున్న ఆరో తరగతి పిల్ల ఆ పిడిని ఒక్కసారి కిందికి నొక్కగానే, కార్డూ కోడూ ఏమీ లేకుండా తలుపు తెరుచుకోవాలి. 2004 జూలై 16న కుంభకోణం పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు చనిపోయిన సంగతి నీకు తెలిసిందే. 2009లో సుప్రీంకోర్టు బడుల్లో అగ్నిప్రమాద భద్రత గురించి తీర్పు ఇచ్చిందీ ఆ దుర్ఘటన దరిమిలానే. అన్నట్టు, కొత్త తాళం పెట్టిన రోజునే తలుపుకు బయట ఉన్న పాత గడియను ఊడదీయించు. అది ఉంటే అలవాటు కొద్దీ ఎవరో ఒకరు వేస్తారు, అప్పుడు లోపలి పిడి ఎంత మంచిదైనా ఒకటే.

వేలిముద్రల జోలికి పోవద్దు. చాక్‌పీసు పొడి అంటిన వేలిని యంత్రం ఒకపట్టాన గుర్తించదు. పిల్లల వేలిముద్రలు తీసుకునే ఆలోచన అసలే వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. కోడ్ సంగతీ అంతంతమాత్రమే. నేను సలహాదారుగా ఉన్న ఒక బడిలో ల్యాబు కోడ్‌ను తొమ్మిదో తరగతి కుర్రాడు వారంలోపే చెప్పేశాడు. ఎలాగా అని చూస్తే, మీటల పలక మీద 1, 4, 7, 9 అంకెలకు మాత్రమే సుద్దపొడి అంటుకుని ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం ఆ వయసు పిల్లలకు తెలియనిదా? అందుచేత ఉపాధ్యాయులకు కార్డులివ్వు. ఈ కార్డులు తాళంతో రేడియో తరంగాల ద్వారా మాట్లాడతాయి. 125 కిలోహెర్ట్జ్ తరంగాల రకం కార్డుకు సులువుగా నకలు తీయవచ్చు కనుక, ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే ఏర్పాటు) ఉన్న 13.56 మెగాహెర్ట్జ్ రకమే కావాలని పట్టుబట్టు. బడి మానేసిన ఉపాధ్యాయుడి కార్డును ఆ సాయంత్రమే జాబితాలోంచి తీసెయ్యి. మరునాటికి వాయిదా వేస్తే మరిచిపోతావు.

ఈ తాళాల్లో చాలావాటికి నాలుగు పెన్సిల్ బ్యాటరీలు పడతాయి. తగ్గుతున్నప్పుడు అవి కూత పెడతాయి కానీ, సెలవుల్లో ఖాళీ బడిలో ఆ కూత వినే దిక్కెవరు? జూన్‌లో బడి తెరిచే ముందు పాతవి ఇంకా పనిచేస్తున్నా మార్చేయించు.

అత్యవసర తాళంచెవి లేని తాళం కొనవద్దు. మేము దాన్ని భద్రంగా ఆఫీసు బీరువాలో దాచి, ఆ ఆఫీసుకే స్మార్ట్ తాళం వేసుకున్నాం. బ్యాటరీలు అయిపోయిన ఉదయం అందరం ఆ తలుపు ముందు నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నీవు ఒకటి నీ ఇంట్లో, మరొకటి కరస్పాండెంటు ఇంట్లో ఉంచు.

వీటన్నిటి కన్నా ముందు వడ్రంగిని పిలిపించు. వానాకాలం చెమ్మకు ఉబ్బే తలుపుకు ఎంత గొప్ప తాళమైనా నాలుక సరిగా పడదు. చిత్రిక పట్టించి, బందులు బిగించి, తలుపు ఒక్క వేలితో మూసుకుంటోందని నీ చేత్తో చూసుకున్నాకే తాళం బిగించేవాడికి కబురు పెట్టు.

శుభాశీస్సులతో,
మీ పాత హెడ్మాస్టరు