గీజర్ ఓనర్‌ది, రిపేరు ఖర్చు మాదా?

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకుంటున్నాం. అద్దె 19,000, మా ఇద్దరి జీతాలు కలిపి 62,000. ఏసీ, గీజర్ ఓనర్‌వి. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ మావి. ఈమధ్యే గీజర్ ఎలిమెంట్ కాలిపోయి 2,800, ఏసీ గ్యాస్ లీకై 4,500 అయింది. రెండూ మీరే పెట్టుకోండి, లేదంటే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో పట్టుకుంటా అంటున్నారు ఓనర్. ఈలోగా మా వాషింగ్ మెషీన్ కూడా పోతే క్రెడిట్ కార్డు మీద 28,000 పెట్టి కొత్తది కొన్నాం. దానికి 4,000 కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

జవాబు: అన్నిటికంటే ముందు ఆ కార్డు సంగతి చూడండమ్మా. 28,000 మొత్తం కట్టేశారా, మినిమమ్ డ్యూ కట్టి నెట్టుకొస్తున్నారా అన్నది మీరు రాయలేదు. నెట్టుకొస్తుంటే మాత్రం, చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది కాబట్టి సేవింగ్స్‌లో ఉన్నది తీసైనా, చిన్న ఎఫ్‌డీ ఉంటే విరిచైనా ఈ నెలే తీర్చేయండి. వారంటీ గురించి తర్వాత ఆలోచిద్దాం.

ఇక ఓనర్ విషయం. కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ అని ఒక నమూనా చట్టం తెచ్చింది. అందులో ఏ రిపేరు ఎవరిదో జాబితా ఉంది: గోడలకు సున్నం, పైపులు మార్చడం, వైరింగ్ ఓనర్ వంతు, కుళాయిలు, స్విచ్చులు, గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్ల వంతు. నమూనా కాబట్టి రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది, అప్పటిదాకా మీ అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం. అయినా మాట్లాడుకోవడానికి ఆ జాబితా మంచి ఆధారం. నా అభిప్రాయం అడిగితే ఎలిమెంట్ 2,800 మీరు పెట్టుకోండి, దానికోసం గొడవ పడొద్దు. ఏసీ గ్యాస్ 4,500 మాత్రం ఓనర్ పెట్టుకోవడమే న్యాయం, ఎందుకంటే ఫిల్టర్లు కడగడం, ఎండాకాలం ముందు ఒకసారి సర్వీస్ చేయించడం వాడుకునేవాళ్ల పని అయితే, పైపు లీకవడం వస్తువుకి వయసు మీద పడటం వల్ల వచ్చేది. మెకానిక్ ఇచ్చిన బిల్లు, ఏం పాడైందో అతను రాసిన కాగితం వాట్సాప్‌లో పంపి, వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటామని మర్యాదగా అడగండి. ఒప్పుకోకుండా తగ్గించి కట్టకండి, అడ్వాన్సు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

11 నెలల అగ్రిమెంట్ మళ్లీ రాసుకునేటప్పుడు ఒక్క వాక్యం చేర్పించండి: సర్వీసింగ్, చిన్న రిపేర్లు మావి, కంప్రెసర్, గీజర్ ట్యాంకు లాంటి పెద్దవి, పూర్తిగా మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఓనర్‌ది. 'చిన్న' అంటే ఎన్ని రూపాయలో కూడా అంకె వేయండి, నేనైతే 3,000 రాస్తాను.

ఎలిమెంట్ మళ్లీ కాలిపోకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. మీ అపార్ట్‌మెంట్‌కి వచ్చేవి బోరు నీళ్లో ట్యాంకర్ నీళ్లో అయితే ఎలిమెంట్ చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది, వేడి నీళ్లలోకి వెళ్లక కాయిల్ దగ్గరే ఆగిపోయి చివరికి అది కాలుతుంది. ఏడాదికోసారి విప్పించి శుభ్రం చేయించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే యానోడ్ రాడ్ అనే కడ్డీ అరిగిపోయిందేమో అప్పుడే చూడమనండి. మీ కొత్త వాషింగ్ మెషీన్‌కీ ఇదే బాధ. రెండు మూడు నెలలకోసారి డీస్కేలింగ్ పౌడర్ వేసి ఖాళీగా తిప్పండి. అది ఫ్రంట్ లోడ్ అయితే వెనక నుంచి తీసిన ట్రాన్సిట్ బోల్టులు, అంటే మోసుకెళ్లేటప్పుడు డ్రమ్ కదలకుండా బిగించేవి, పారేయకుండా దాచండి. మేము ఇల్లు మారినప్పుడు అవి లేకుండానే మెషీన్ ఎక్కించారు, డ్రమ్ పట్టి ఉంచే సస్పెన్షన్ పోయింది, ఆ బిల్లు చూసి చాలా బాధపడ్డాను. సామాన్ల వాళ్లకు ఇవన్నీ గుర్తుండవు, మనమే దగ్గరుండి చూసుకోవాలి.

ఇప్పుడు వారంటీ. కంపెనీ ఇచ్చేదే ముందు చదవండి, మోటారుకి చాలా కంపెనీలు 10 ఏళ్ల దాకా ఇస్తున్నాయి. మోటారు ఎలాగూ కవరైనప్పుడు మిగిలిన పార్టుల కోసం 4,000 ఎక్కువ. నేను వద్దంటాను. ఆ డబ్బుతో రిపేర్లకూ, పాతబడ్డ వస్తువులు మార్చడానికీ వేరే ఖాతా మొదలుపెట్టండి. లెక్క ఇలా వేసుకోండి: 30,000 ఫ్రిజ్ పదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 3,000, వాషింగ్ మెషీన్ ఎనిమిదేళ్లంటే 3,500, 32,000 టీవీ ఎనిమిదేళ్లంటే 4,000, సర్వీసులకూ చిల్లర రిపేర్లకూ ఇంకో 4,500. మొత్తం 15,000, అంటే నెలకు 1,250. జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేలా ఆర్‌డీ పెట్టండి. దీన్ని ఎమర్జెన్సీ ఫండ్‌లో కలపకండి. ఉద్యోగం పోవడం, ఆసుపత్రి లాంటివి ఎప్పుడొస్తాయో తెలియదు గానీ ఫ్రిజ్ ఏదో ఒక రోజు పాడవుతుందని మనకు ముందే తెలుసు.

మీరు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే ఇంకొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎంతమంది ఫ్రిజ్‌లు, మెషీన్లు బురదపాలయ్యాయో చూశాం. అద్దెకుండేవాళ్లు కూడా ఇంట్లో సామాను వరకు భారత్ గృహ రక్ష అనే బీమా పాలసీ తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, వరద లాంటివాటికే గానీ వాడకం వల్ల పాడైతే అది ఇవ్వదు, ఆ ఖర్చుకి మీ 1,250 ఉంది.

ఏసీ బిల్లు మీద ఓనర్ ఏమన్నారో, అగ్రిమెంట్‌లో రిపేర్ల గురించి ఏం రాసి ఉందో నాకు మళ్లీ రాయండి, అది చూసి అడ్వాన్సు గురించి చెబుతాను.