అనుమానం ఎటువైపు?

చి. గౌరికి, విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాఫ్టు రాత్రి భోంచేశాక చదివాను. శ్రీకాకుళంలో లాయరు గారి దగ్గర జూనియర్‌గా చేరి ఆరు నెలలు కాలేదు, బాగానే రాస్తున్నావు. అందులో మీ సీనియర్ గారి చెయ్యి ఎంతుందో తెలీదు గానీ, నాలుగో పేరా మాత్రం కచ్చితంగా నీదే. 'పిటిషనర్ డౌట్స్ దట్ ది రెస్పాండెంట్ ఫోర్జ్డ్ హిజ్ సిగ్నేచర్' అన్నావు. అంటే ఏమైందో చూడు: ఎదుటివాడు సంతకం ఫోర్జరీ చేశాడంటే మన పిటిషనరే నమ్మడం లేదు! ఫీజు ఇచ్చినవాడిని వదిలేసి అవతలి పార్టీకి సర్టిఫికెట్ ఇచ్చేశావమ్మా.

కంగారు పడకు. ఇదే తప్పు నేనూ చేశాను, 1984లో. అప్పట్లో కోర్టు ఎదురుగా వేపచెట్టు కింద నా రెమింగ్టన్ టైపు మిషన్ ఉండేది. గజపతినగరం వైపు నుంచి ఒక ముసలి రైతు వచ్చి, గేదె పోయింది, అర్జీ కొట్టమన్నాడు. 'పక్కింటోళ్లే తోలుకుపోనారని నాకనుమానం బాబూ' అన్నాడు. అనుమానం అంటే డౌట్ అని చిన్నప్పుడు బట్టీ పట్టిన బుర్ర కదా, 'ఐ డౌట్' అని టకటకా కొట్టేశాను. నాలుగు కాపీలు, మధ్యన మూడు కార్బన్లు. పక్క బల్ల మీది పెద్ద టైపిస్టు కాగితం లాక్కుని చూసి, 'పక్కింటోడు దొంగ కాదని చెప్పడానికా ఈయన బస్సెక్కి ఇంత దూరం వచ్చాడు?' అన్నాడు. మళ్లీ కొట్టాను. కాగితాల ఖర్చు నా జేబులోంచే పోయింది.

అసలు చిక్కు మన మాటలోనే ఉంది. తెలుగులో అనుమానం రెండువైపులా పనిచేస్తుంది. 'వాడే తీశాడని అనుమానం' అంటే తీశాడనే మన లెక్క. 'వాడు వస్తాడా అని అనుమానం' అంటే రాడనే మన లెక్క. ఇంగ్లీషువాడు ఈ రెంటినీ విడగొట్టుకున్నాడు. అవుననిపిస్తే సస్పెక్ట్, కాదనిపిస్తే డౌట్. 'ఐ సస్పెక్ట్ ఇట్ విల్ రెయిన్' అంటే గొడుగు పట్టుకెళ్లు. 'ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్' అంటే గొడుగు ఇంట్లోనే ఉండనీ.

అందుకని క్లయింటు తెలుగులో చెప్తున్నప్పుడు క్రియ తోక పట్టుకో. 'చేశాడని', 'చేశాడేమోనని' అంటే సస్పెక్ట్ వైపు వెళ్లు. 'చేశాడా అని', 'చేశాడో లేదో' అంటే డౌట్. నేను ముప్ఫై ఏళ్లు ఈ తోకలు పట్టుకునే బతికాను. పార్టీ మనిషి గట్టిగా, 'అనుమానమేంటమ్మా, వాడే చేశాడు' అంటే మాత్రం రెండూ వద్దు, 'అలెజెస్' (ఆరోపిస్తున్నాడు) అని రాసుకో.

డౌట్‌లో పలకని ఆ 'బి' చూశావా? లాటిన్‌లో దుబితారే అన్న మాట నుంచి పండితులు తెచ్చి అక్కడ ఇరికించారు. ఆ మాటకు రెండు అనే అర్థం ఉన్న దువోతో చుట్టరికం ఉంది. రెండు మనసుల మధ్య ఊగడమన్నమాట. సస్పెక్ట్‌ది వేరే పుట్టుక, కిందనుంచి పైకి చూడటం. మన ఓరచూపు లాంటిదే అనుకో. పోలీస్ స్టేషన్లో అనుమానితుల మీద తెరిచే సస్పెక్ట్ షీట్ ఉంటుంది గానీ డౌట్ షీట్ ఉండదు కదా.

నీ వృత్తిలో ఈ తేడా మీద మనుషుల జైలు, విడుదల ఆధారపడతాయి. సస్పీషన్ ఎంత బలంగా ఉన్నా రుజువుకు సాటి రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. సస్పీషన్ ముద్దాయి వైపు వేలు చూపిస్తుంది. డౌట్ వాణ్ణి కాపాడుతుంది, బెనిఫిట్ ఆఫ్ డౌట్ అనేది అందుకే. తెలుగు పేపర్లో రెంటికీ అనుమానమనే రాస్తారు, అక్కడ చెల్లుతుంది. 'అనుమానాస్పద మృతి'ని మాత్రం డౌట్‌ఫుల్ డెత్ అని తర్జుమా చేశావో, అసలు చచ్చాడా లేదా అని జడ్జిగారు అడుగుతారు. అది సస్పీషియస్ డెత్.

హైదరాబాద్‌లో మీ తమ్ముడికీ ఒక మాట చెప్పు. అమెరికా క్లయింటుతో 'ఐ హావ్ ఎ డౌట్' అంటున్నాడట. మన క్లాసు రూముల్లో దానర్థం అందరికీ తెలుసు. వాళ్లకు అది నీ పని మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. క్వశ్చన్ అంటే సరిపోతుంది.

నీ డ్రాఫ్టులో డౌట్స్ కొట్టేసి సస్పెక్ట్స్ పెట్టు. ఆ పక్కనే రెస్పాండెంట్ స్పెల్లింగులో 'ఇ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది, అదీ దిద్ది, గురువారం లోపు ఇంకోసారి పంపు. ఫోన్లో చదివితే నా కళ్లు లాగేస్తున్నాయి, ఈసారి ప్రింటు తీయించి బస్సులో వచ్చే ఎవరిచేతైనా పంపించు.

మీ మావయ్య