చెక్క స్టిక్కరు పీకమంటే పెయింటూ పోగొట్టారు: బిల్లు కట్టాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు. చాలా ఏళ్లుగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాం. 1995 మోడల్ బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ వ్యాగన్ ఒకటి ముచ్చటపడి కొన్నాను. రెండు పక్కలా అంటించిన చెక్క డిజైన్ వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కరు) ఎండకి పెచ్చులు లేచిపోతుంటే, తీసేయమని ఒక బాడీ షాపులో ఇచ్చాను. ‘మొత్తం 900 డాలర్లు’ అని మెసేజ్ పెట్టారు, సరేనన్నాను. తీరా వెళ్లి చూస్తే తలుపుల మీద పెయింట్ బొబ్బలెక్కింది, గీతలు పడ్డాయి, వినైల్ ఉన్నచోటికీ లేనిచోటికీ రంగు తేడాగా ఉంది. వినైల్ అంచున ఉండే పట్టీలు పారేశారట. పైగా జిగురు వదలడానికి రోజులు పట్టిందని 2,300 అడుగుతున్నారు, కడితేనే తాళాలిస్తారట. ‘వాహనానికి జరిగే నష్టానికి మేం బాధ్యులం కాము’ అని గోడ మీద బోర్డుంది. కారు ఇచ్చినప్పుడు నేను సంతకం పెట్టిన కాగితంలోనూ అదే ఉంది. ఆ కాగితంలో ధర మాత్రం రాయలేదు. పాత కారే కదా, వదిలేయమంటోంది మా ఆవిడ. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయకండి. అలాగని అన్నింటికీ కలిపి దావా వేసేయకండి. మీరు చెప్పినవాటిలో కొన్ని షాపు చేసిన నష్టాలు, ఒకటి మాత్రం కారు వయసు తెచ్చినది. అవి కలగాపులగం అయితే జడ్జి దగ్గర మీ బలమైన వాదన కూడా పలచబడిపోతుంది.

ముందు డబ్బు సంగతి. మీరు ఒప్పుకున్నది 900. ఆపైన అడుగుతున్న 1,400 మీరు బాకీ లేరు. కాలిఫోర్నియాలో ఆటోమోటివ్ రిపేర్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లో 9884.9 సెక్షన్ చూడండి. పని మొదలుపెట్టక ముందే ఎంతవుతుందో షాపువాళ్లు రాసివ్వాలి, మీరు ఒప్పుకోవాలి. మధ్యలో ఖర్చు పెరిగేట్టుంటే పని ఆపి, మళ్లీ అడిగి, మళ్లీ ఒప్పించుకోవాలి. ఇప్పుడు ఆ మెసేజే ఎస్టిమేట్ అని షాపు అంటే 900 దాటకూడదు. కాదంటే అసలు ఎస్టిమేటే లేనట్టు. రాతపూర్వకమైన ఎస్టిమేట్ లేకుండా పనిచేసిన గ్యారేజీకి బిల్లు రాబట్టుకునే హక్కు లేదని 1975లోనే ఇక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. ఎటు తిరిగినా వాళ్లకే ఇబ్బంది. ‘మేం చేసింది రిపేరు కాదు, స్టిక్కరు తీయడమే’ అని వాదించొచ్చు. ఆ చట్టంలో బాడీ పని కూడా రిపేరు కిందికే వస్తుంది. ఒకవేళ ఆ వాదన నెగ్గినా, 900కి కుదిరిన ఒప్పందం ఎక్కడికీ పోదు.

రిపేరు షాపులను నియంత్రించే రాష్ట్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వెబ్‌సైట్‌లో ఆ షాపు పేరు కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ లేకపోతే 9884.16 సెక్షన్ ప్రకారం బిల్లు కోసం బండిని పట్టిపెట్టుకునే హక్కు, అంటే లియన్, వాళ్లకు ఉండదు. రెండు నిమిషాల పని, తప్పక చేయండి.

గోడ మీద బోర్డు గురించి టెన్షన్ వద్దు. 1986లో లాస్ ఏంజెలెస్ కేసు ఒకటుంది. రిపేరుకిచ్చిన కారు గ్యారేజీలోంచి దొంగల పాలైంది. ‘మా బాధ్యత కాదు’ అన్న కాగితం మీద కస్టమర్ సంతకం ఉంది. కారు లేకుండా బతకలేని ఊళ్లో రిపేరు షాపు తన అజాగ్రత్త నుంచి ఇలాంటి కాగితంతో తప్పించుకోలేదని ఆ కాగితం చెల్లదని అప్పీలు కోర్టు తేల్చింది. మీ సంతకం కూడా ఆ కోవలోదే.

ఇక నష్టాల సంగతి. రంగు తేడాతో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు ఎక్కువ బాధ కలిగిస్తున్నది అదే అనిపిస్తోంది, షాపు తప్పు లేనిదీ అదే. దాదాపు ముప్పై ఏళ్లుగా వినైల్ కింద ఉన్న పెయింట్‌కి ఎండ తగల్లేదు, చుట్టూ ఉన్నదానికి రోజూ తగిలింది. వినైల్ ఎవరు తీసినా, ఎంత నేర్పుగా తీసినా ఆ గీత బయటపడుతుంది. ముందే హెచ్చరించలేదని అనొచ్చు గానీ, దాని కోసం డబ్బు అడక్కండి. నిజం చెక్కతో కట్టిన 1940ల వ్యాగన్లను తలపించాలని కంపెనీలు ఈ స్టిక్కర్లు అంటించాయి. దాన్ని పీకాక కింద కొత్త కారు ఉంటుందనుకోవడం అత్యాశే. ఇది లాయరుగా కాదు, పాత కార్ల మోజున్న మనిషిగా అంటున్నాను.

బొబ్బలు, గీతలు వేరు. ముదిరిన వినైల్ ఒక్క షీటుగా రాదు, గోరంత ముక్కలుగా రాలుతుంది. హీట్ గన్‌తో కొద్దికొద్దిగా వేడిచేస్తూ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో లేపాలి, మిగిలిన జిగురును ద్రావకంతోనో రబ్బరు చక్రంతోనో వదిలించాలి. ఓపిక లేక గన్ ఒకేచోట నిలబెడితే పెయింట్ ఉబ్బుతుంది, ఇనప బ్లేడు వాడితే గీతలు పడతాయి. వస్తువును బాగున్నప్పుడు అప్పగించి, పాడయ్యాక తిరిగి తెచ్చుకుంటే, తన అజాగ్రత్త లేదని చూపించాల్సిన భారం దాన్ని తన దగ్గర ఉంచుకున్నవాడి (ఇక్కడ షాపు) మీదే ఉంటుందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1949లో చెప్పింది. మీరు ఇచ్చేముందు తీసిన ఫోటోలు ఇక్కడ బంగారం. లేకపోతే, మీకు కారు అమ్మినాయన ప్రకటనలో పెట్టిన ఫోటోలైనా వెతికి పట్టుకోండి.

దానికి షాపువాళ్లు చెప్పబోయే జవాబు ‘పెయింట్ ముందే పాడై ఉంది’. అందులో నిజం ఉండే వీలు లేకపోలేదు. ఎప్పుడో ఎవరో మళ్లీ రంగు వేయించి, దాని మీద కొత్త వినైల్ అంటించి ఉంటే, ఆ రంగు వినైల్‌తో పాటే ఊడి వస్తుంది. ఇది మాటలతో తేలేది కాదు. వేరే బాడీ షాపులో పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టించండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. అదే తలుపు మీద చెడని చోట అంతే చూపిస్తే వాళ్ల వాదన అక్కడితో సరి. రెండింతలు చూపిస్తే బొబ్బల విషయంలో రాజీకి సిద్ధపడండి, గీతలు మాత్రం వదలకండి. బ్లేడు గీతకి పాత పెయింటుతో సంబంధం లేదు.

పట్టీల విషయంలో మీ కేసు అన్నిటికంటే గట్టిది. ఆ మోడల్ 1996తోనే ఆగిపోయింది, పట్టీలు మళ్లీ దొరకాలంటే పాత కార్ల యార్డుల్లో గాలించాల్సిందే. చెక్క డిజైన్ వద్దనుకున్నవాడికి పట్టీలెందుకని అడుగుతారు. మళ్లీ బిగించుకోకపోయినా అవి మీ సొత్తు, ఇంకో రోడ్‌మాస్టర్ యజమానికి అమ్ముకునే వస్తువులు. పారేయమని మీరు చెప్పలేదు కదా? చెప్పకపోతే, వాడిన పట్టీలకు మార్కెట్లో పలికే ధర ఇచ్చుకోవాల్సిందే. అలాంటివి అమ్మకానికి పెట్టిన ప్రకటనలు మూడు నాలుగు ప్రింట్ తీసి పెట్టుకోండి.

నష్టపరిహారం లెక్క ఒకటి గుర్తుంచుకోండి. బాగుచేయించే ఖర్చు, కారు విలువలో తగ్గిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. కారు మొత్తానికి కొత్త పెయింట్ కొటేషన్ తీసుకెళ్తే జడ్జి పక్కన పెట్టేస్తారు. దెబ్బతిన్న తలుపుల వరకే రెండు షాపుల్లో ఎస్టిమేట్ రాయించుకోండి.

ముందు కారు బయటికి తెచ్చుకోవాలి. రోజులు గడిచేకొద్దీ స్టోరేజీ అంటూ బిల్లు పెంచుతారు. ఇప్పటికే ఏమైనా కట్టారో లేదో మీరు రాయలేదు. లియన్ లేదని తేలితే రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. వాళ్లు మొండికేస్తే 2,300 క్రెడిట్ కార్డు మీద కట్టి, ఇన్వాయిస్ మీదే ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని ఇంగ్లిష్‌లో రాసి సంతకం చేయండి. షాపు గేటు దాటకముందే నాలుగు పక్కలా ఫోటోలు తీయండి. తర్వాత కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. వాళ్లు స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు అందాలి. సర్వీసు బాగాలేదన్న కారణానికైతే కార్డు మీద ఇంకా తీర్చని బాకీ మేరకే రక్షణ ఉంటుంది కాబట్టి, తొందరపడి ఆ మొత్తం కట్టేయకండి.

బ్యూరోకి ఫిర్యాదు కూడా పెట్టండి, ఖర్చేమీ లేదు. వాళ్లు మధ్యవర్తిత్వం చేస్తారు, షాపు రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలరు గానీ మీ డబ్బు ఇప్పించమని ఆదేశించలేరు. అందుకు చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. వ్యక్తులు 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, మీ మొత్తం అందులోనే ఉంటుంది. వేసే ముందు డబ్బు ఇమ్మని షాపుకి ఒక ఉత్తరం రాయాలి. అక్కడ లాయర్లు వాదించకూడదు, మీరే చెప్పుకోవాలి. ఒక చిక్కుంది: వేసిన దావాలో ఓడిపోతే మీకు అప్పీలు లేదు, ఓడితే వాళ్లకు ఉంది. కాబట్టి మీటరు రీడింగు, ఫోటోలు, రెండు ఎస్టిమేట్లు చేతికొచ్చాకే వేయండి. ఆస్తి నష్టానికి మూడేళ్ల గడువుంది, నోటిమాట ఒప్పందానికి రెండేళ్లే. రెండేళ్ల లోపు వేస్తే ఏ గొడవా ఉండదు. అప్పటిదాకా ఆ తలుపులకు పెయింట్ వేయించకండి.